బిస్కెట్ల మెత్తదన సంరక్షణ విభాగం

పుట్టినప్పటి నుంచి మా కొత్తరేవు మునిసిపాలిటీకి తిట్లు తప్ప వేరే ఉత్తరం రాలేదు. కుళాయి రాలేదని ఒకరు, మురుగు పోలేదని ఒకరు, కుక్కలు ఎక్కువయ్యాయని ఒకరు, ఆ కుక్కల్ని పట్టుకెళితే మా కుక్కని కూడా పట్టుకెళ్ళారని ఇంకొకరు. వాటన్నిటికీ మేం అలవాటు పడిపోయాం, హాయిగానే ఉన్నాం. అలాంటి ఆఫీసుకి ఆషాఢమాసంలో ఒక మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. దాంతో మా కొంప మునిగింది.

ఉత్తరం రాసింది పంతులమ్మ గారు. పూర్తి పేరు పేరిందేవి. ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఎనభై ఆరేళ్ళు. మునిసిపల్ వృద్ధాశ్రమంలో ఉన్న ముప్పై రెండు మందిలో ఒకరు. నాకు మూడో తరగతిలో ఎక్కాలు నేర్పింది ఆవిడే, నేర్చుకోనందుకు తొడపాశం పెట్టిందీ ఆవిడే. ఉత్తరం ఇలా ఉంది:

"కమిషనర్ గారికి. ఆశ్రమంలో సాయంత్రం నాలుగు గంటలకు టీతో పాటు ఇచ్చే బిస్కెట్లు బహు మెత్తగా ఉంటున్నాయి. చేసిన వారానికి కూడా అలాగే ఉంటున్నాయి. నాకున్నవి రెండు పళ్ళు, అవీ ఒకదానికొకటి ఎదురుపడవు. అన్నం నమలలేను గనక ఆ బిస్కెట్లే నాకు ఆధారం. చేసి పంపే అమ్మాయికి నా ఆశీస్సులు."

జూనియర్ అసిస్టెంటుగా వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ రిజిస్టర్లో ఎక్కించడం నా పని. రిజిస్టర్లో కుళాయిలకో గడి, మురుగుకో గడి, కుక్కలకో గడి, చివర ఇతర ఫిర్యాదులకో గడి ఉంటాయి. మెచ్చుకోలుకి గడి లేదు. అరగంట ఆలోచించి ఇతర ఫిర్యాదుల్లో ఎక్కించాను. విషయం అన్న చోట "ఆశ్రమ బిస్కెట్లు మెత్తగా ఉండుట గురించి" అని రాశాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను చేసిన తప్పుల్లో ఇంత చిన్నది ఇంకోటి లేదు. ఇంత దూరం వెళ్ళింది కూడా ఇంకోటి లేదు.

ఫిర్యాదుగా ఎక్కాక దాని మీద చర్య తీసుకోకుండా వదలడానికి లేదు. పదిహేను రోజుల్లో మూసేయాలి. ఫైలు పట్టుకుని కమిషనర్ విద్యాధర్ గారి గదిలోకి వెళ్ళాను. ఆయన అప్పుడే రాజధానిలో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. అక్కడ ఏం చెప్పారో గానీ, వచ్చిన దగ్గర నుంచి ఆయనకి కనబడిన ప్రతిదానికీ ఒక ప్రమాణం కావాల్సి వస్తోంది. కుర్చీ కిర్రుమంటే ఎంత కిర్రుమనడానికి అనుమతి ఉందో రాసి పెట్టమంటున్నారు.

"మెత్తగా ఉన్నాయి అంటున్నారు. ఎంత మెత్తగా?" అన్నారు.

"బాగా మెత్తగా అండి. ఆవిడ మెచ్చుకున్నారు సార్."

"మెచ్చుకోలు నిరాధారంగా ఉండకూడదు పేర్రాజూ. ఇవాళ మెత్తగా ఉన్నాయన్నవారు రేపు లేవంటే బాధ్యత ఎవరిది? మెత్తదనాన్ని నిర్వచించాలి, కొలవాలి, పరిరక్షించాలి. ముందు క్షేత్రస్థాయి పరిశీలన."

ఆ క్షేత్రం ఆశ్రమానికి బిస్కెట్లు చేసి పంపే సత్యవేణి గారి వంటిల్లు. రేవు వీధిలో చివరిల్లు. నలభై ఐదేళ్ళ మనిషి, భర్త లాంచీ మీద పనిచేస్తాడు. ఇంట్లో ఓవెనూ లేదు, మిషనూ లేదు. పొయ్యి మీద పెద్ద అల్యూమినియం దబర, అందులో ఏటి ఇసుక, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో బిస్కెట్లు, పైన మూత. కమిషనర్ గారు ముక్కు మీద రుమాలు పెట్టుకుని ప్రశ్నలడిగారు, నేను రాసుకున్నాను.

"మెత్తదనానికి మీరు అవలంబిస్తున్న విధానం ఏది?"

సత్యవేణి గారు కొంగుతో చేతులు తుడుచుకుంది. "విధానం ఏముందండీ. పంచదార వేస్తే కరకరలాడతాయి, అందుకని బెల్లం వేస్తాను. వెన్న కాస్త ఎక్కువ పడాలి. అంచు ఎర్రబడి, నడుమ వేలు పెడితే ఇంకా దిగుతూ ఉందనగా దింపేయాలండి. పూర్తిగా కాలేదాకా ఉంచామా, చల్లారేటప్పటికి రాయి అయిపోద్ది. చల్లారాక డబ్బాలో సర్ది, పైన ఒక బ్రెడ్డు ముక్క పెట్టి మూత బిగించేస్తాను. ముక్కలో తేమ ఇవి లాక్కుంటాయి. అది ఎండిపోద్ది, ఇవి మెత్తగా ఉంటాయి. మూడో రోజున ముక్క మార్చేస్తానండి."

"ఎండిన ముక్కని ఏంచేస్తున్నారు?"

"కాకులకి వేసేస్తానండి."

కమిషనర్ గారు నా వైపు చూశారు. "రాసుకో. కాకులు."

వారం తిరిగేసరికి ఉత్తర్వు వెలువడింది. బిస్కెట్ల మెత్తదన సంరక్షణ విభాగం ఏర్పడింది. జనన మరణాల గదిలో సగం మాకిచ్చారు. రెండు కుర్చీలు, ఒక బోర్డు. విభాగానికి ఇన్‌చార్జిని నేనే, సిబ్బందినీ నేనే. ఉత్తర్వులో మెత్తదనానికి నిర్వచనం కూడా ఇచ్చారు. "గెజిటెడ్ హోదా గల అధికారి తన కుడిచేతి బొటనవేలితో మామూలు బలం ప్రయోగించి నొక్కినప్పుడు సదరు బిస్కెట్టునందు స్పష్టమైన చొట్ట ఏర్పడిన యెడల, అట్టి బిస్కెట్టు మెత్తనిదిగా పరిగణింపబడును."

మా ఆఫీసులో గెజిటెడ్ బొటనవేళ్ళు మూడే ఉన్నాయి. కమిషనర్ గారి వేలు విధానపరమైన పనులకు కావాలి. టౌన్ ప్లానింగ్ అధికారి భజనల్లో మృదంగం వాయిస్తారు, ఆయన వేలు కాయ కాసింది. మిగిలింది ఇంజనీరు కోదండపాణి గారిది. మా ఊళ్ళో కొత్తగా వేసిన రోడ్లన్నీ నొక్కి చూసి బిల్లులు పాస్ చేసిన అనుభవం ఆ వేలికి ఉంది. వేసిన ఆర్నెల్లకి కూడా ఆ రోడ్లు నొక్కితే దిగుతాయి. కాబట్టి దాన్నే అధీకృత బొటనవేలుగా నోటిఫై చేశారు.

మర్నాటి నుంచి కోదండపాణి గారి జీవితం మారిపోయింది. ఆ వేలికి మామూలు బలం మాత్రమే ఉండాలి గనక, దానితో ఫోను నొక్కడానికి లేదు, కాలింగ్ బెల్లు కొట్టడానికి లేదు, ఇంట్లో కొబ్బరికాయ పీచు తీయడానికి అసలే లేదు. చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ పెన్ను ఇరికించుకుని సంతకాలు పెట్టేవారు. ఒకసారి గోరు తీయించుకుని వచ్చారు, దాని వల్ల చొట్ట లోతు మారిందని రెండు రోజులు వేలికి సెలవు ఇవ్వాల్సి వచ్చింది. వేలికే సెలవు, మనిషికి కాదు. ఆయన మాత్రం మిగిలిన తొమ్మిదింటితో డ్యూటీకి వచ్చారు.

రోజూ మధ్యాహ్నం ఆయన ఒక్కొక్క బిస్కెట్టునీ నొక్కేవారు. నేను "దిగింది" అనో "పాక్షికంగా దిగింది" అనో రాసేవాణ్ణి. ఆ తర్వాతే అవి ఆశ్రమానికి వెళ్ళేవి. మూడో రోజున పంతులమ్మ గారు నన్ను పిలిపించారు. ఆవిడ చేతిలో బిస్కెట్టు ఉంది, బిస్కెట్టు నడుమ గుంట ఉంది.

"ఒరే పేర్రాజూ, దీని మీద వేలిముద్ర ఏవిట్రా?"

"పరీక్ష చేశారండి. మెత్తగా ఉన్నట్టు ధ్రువీకరణ."

"ఊరందరికీ సంతకాలు నేర్పించాను కదరా. చివరికి నాకు నిశానీ తినిపిస్తున్నారా?"

అయినా తిన్నారు. గుంట పడినా మెత్తగానే ఉంది, పడకముందూ మెత్తగానే ఉంది. ఇక్కడితో ఆగినా బాగుండేది. ఆగడానికి మాది ఇల్లు కాదు, ఆఫీసు.

ఒకరోజు కమిషనర్ గారు స్వయంగా విభాగాన్ని తనిఖీ చేశారు. డబ్బా మూత తీసి పైనున్న బ్రెడ్డు ముక్కని పట్టుకున్నారు. అది అప్పడంలా ఉంది. బల్ల మీద కొట్టి చూశారు, టక్కుమంది.

"దీని మెత్తదనం ఎక్కడికి పోయింది?"

"బిస్కెట్లలోకి సార్."

"ఏ ఉత్తర్వుల మేరకు?"

నేను ఉత్తర్వుల ఫైలు తిరగేశాను.

"ఒక ఆహారపదార్థం నుంచి మరొక ఆహారపదార్థానికి మెత్తదనం బదిలీ అయింది. బదిలీ ఉత్తర్వు లేదు, రిలీవింగు లేదు, జాయినింగు రిపోర్టు లేదు. పైగా ఇంతకాలం ఆ నష్టాన్ని కాకులకి వేశారు. పేర్రాజూ, ఈ రొట్టె కూడా మన సంరక్షణలోనిదే కదా. దీని మెత్తదనాన్ని ఎవరు సంరక్షిస్తారు?"

"ఇంకో బ్రెడ్డు ముక్కండి" అన్నాను. నోరు జారాను. అప్పుడే నా నాలుక కోసి ఉప్పూకారం రాయాల్సింది.

ఆయన కళ్ళు మెరిశాయి. ఆ సాయంత్రమే సవరణ ఉత్తర్వు వచ్చింది. బిస్కెట్లని కాపాడే ముక్క ప్రథమ రక్షక రొట్టె. దాన్ని కాపాడేది ద్వితీయ రక్షక రొట్టె. ద్వితీయాన్ని తృతీయం కాపాడాలి. ప్రతి రొట్టెకీ దాని వెనకున్న రొట్టె తేమ ఇస్తుంది. డబ్బా పక్కన డబ్బా, దాని పక్కన ఇంకో డబ్బా, వాటిని కలుపుతూ ప్లాస్టిక్ గొట్టాలు. జనన మరణాల గది మొత్తం మాకే వచ్చేసింది. పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ వరండాలో నిలబడేవారు.

ఎన్ని వరసలు పెట్టినా ఆఖరి రొట్టె ఎండుతూనే ఉంది. దీనికి "అంతిమ రొట్టె సమస్య" అని పేరు పెట్టి ఉపసంఘం వేశారు. ఉపసంఘం మూడుసార్లు కూర్చుని, అంతిమ రొట్టె లేకుండా చేయడమే పరిష్కారమనీ, అందుకు రొట్టెల వరసని ఎక్కడా ఆపకూడదనీ తేల్చింది. ఆపకుండా కొన్నాం. పది రోజులకి ఊళ్ళో బ్రెడ్డన్నది లేదు. రెండు బేకరీల వాళ్ళూ తెల్లారేసరికి కాల్చిందంతా మా మెట్ల మీద దింపేవారు. అవి వానాకాలపు జ్వరాల రోజులు. పాలల్లో ముంచుకుని తిందామంటే రోగులకి ఒక్క ముక్క దొరకలేదు. డాక్టర్లు ఇడ్లీ రాయడం మొదలుపెట్టారు.

ఎండిన రొట్టెలు మాత్రం బస్తాలకి బస్తాలు పోగయ్యాయి. కాకులకి వేయడం నిషేధం. పారేయడానికి లేదు. "సద్వినియోగం చేయవలెను" అని ఫైలు మీద రాసి వచ్చింది. ఎక్కడ సద్వినియోగం చేయాలో కూడా రాసి వచ్చింది. వృద్ధాశ్రమంలో.

అదే సమయంలో సత్యవేణి గారిని సాంకేతిక సలహాదారుగా నియమించారు. మెత్తదనంలో అంత అనుభవం ఉన్న మనిషి వంటింట్లో ఉండిపోవడం ఊరికి నష్టమని కమిషనర్ గారి అభిప్రాయం. పది నుంచి ఐదు దాకా ఆఫీసులో కూర్చోవాలి. పాపం ఆవిడ మొదటి రోజు కొత్త చీర కట్టుకుని వచ్చింది. నాలుగో రోజుకి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నయ్య గారండీ, నేనిక్కడ కూర్చుంటే అక్కడ బిస్కెట్లు ఎవరు చేస్తారండీ?"

"చేయడం ఇప్పుడు మీ పని కాదమ్మా. సలహా ఇవ్వడం."

"అయితే రాసుకోండి, సలహా. నన్ను ఇంటికి పంపేయండి."

రాసుకున్నాను. సమావేశం మినిట్సులో ఇలా ఎక్కింది: "సలహాదారు వారి సలహా పరిశీలనలో ఉన్నది."

అలా కొత్త బిస్కెట్లు రావడం ఆగిపోయింది. అప్పటికి విభాగంలో ఉన్నది ఒకే ఒక బిస్కెట్ల డబ్బా. దాన్నైనా ఆశ్రమానికి పంపుదామని ఫైలు పెట్టాను. కమిషనర్ గారు ఫైలు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నాకు ఓపికగా నచ్చజెప్పారు. మూత తీసిన ప్రతిసారీ గాలి తగిలి మెత్తదనం తగ్గుతుంది. తింటే అసలే మిగలదు. ఇన్నాళ్ళూ జరిగిన మెత్తదన నష్టంలో నూటికి నూరుపాళ్ళూ తినడం వల్లనే జరిగింది. కాబట్టి డబ్బా తెరవరాదు. తెరవకుండా కాపాడిన డబ్బాని వచ్చే నెల మెత్తదన వారోత్సవాల్లో ప్రాంతీయ సంచాలకుల వారి చేతుల మీదుగా తెరిపించాలి. అంతదాకా ఆశ్రమవాసులు సహకరించాలి.

నేను ఎండు రొట్టెల బస్తాతో ఆశ్రమానికి వెళ్ళాను. నాలుగైంది. ముప్పై రెండు సాసర్లలో ముప్పై రెండు ఎండు ముక్కలు పెట్టారు. ఆ హాల్లో అందరి పళ్ళూ కలిపినా ఒక మనిషికి సరిపోవు. కాసేపు టకటకమని చప్పుడైంది, తర్వాత అదీ ఆగిపోయింది. పంతులమ్మ గారు ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి సాసర్లో పెట్టేశారు. ఆవిడ మణికట్టు మీద గాజు మోచేతి దాకా జారింది. నెల కిందట అది మణికట్టు దగ్గరే ఉండేది.

"మాపటికి మళ్ళీ అన్నమేగా, అదీ నమల్లేను" అన్నారు, ఫిర్యాదులా కాదు, తారీఖు చెప్పినట్టు. "పోనీ టీలో ముంచుకోనా?"

ఇంత చిన్న సంగతికి అనుమతి ఎందుకు, ముంచుకోండి అనేస్తే సరిపోయేది. కానీ గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆఫీసుకి వెళ్ళి అడిగాను.

"తడి వేరు, మెత్తదనం వేరు" అన్నారు కమిషనర్ గారు. "తడి బయటి నుంచి వచ్చేది. మెత్తదనం అంతర్గతమైనది. ముంచిన దాన్ని మెత్తనిదంటే రేపు ప్రతివాడూ ముంచి మెత్తదనం సాధించానంటాడు. ఇక మన విభాగం ఎందుకు?"

మర్నాడు ఆశ్రమం గోడకి బోర్డు కట్టారు. "టీలో ముంచరాదు. ముంచుట మెత్తదనమును తారుమారు చేయుట కిందికి వచ్చును."

వారోత్సవాలు శనివారం మొదలయ్యాయి. మునిసిపల్ హైస్కూలు మైదానంలో షామియానా వేశారు, ఊళ్ళో ఉన్న పూలన్నీ డబ్బాకి చుట్టారు. ప్రాంతీయ సంచాలకులు ఆనందస్వరూప్ గారు వచ్చారు. ఆశ్రమం వాళ్ళని రెండు ఆటోల్లో మూడు ట్రిప్పులుగా తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. పంతులమ్మ గారిని లబ్ధిదారుల ప్రతినిధిగా వేదిక మీదికి ఎక్కించారు. సలహాదారు హోదాలో సత్యవేణి గారు ఆ పక్కనే నిలబడింది. నేను మైకు దగ్గర.

"నేటి సమాజంలో కాఠిన్యం పెరిగిపోతున్న తరుణంలో," అని మొదలుపెట్టి సంచాలకుల వారు ముప్పావుగంట మాట్లాడారు. తర్వాత డబ్బాకి కట్టిన రిబ్బను కత్తిరించి మూత తీశారు. తీయగానే ఒక అడుగు వెనక్కి వేశారు.

వాన నెలలో, గాలి చొరబడని డబ్బాలో, తొమ్మిది వరసల రొట్టెలు పంపిన తేమతో నలభై రోజులు కూర్చున్న బిస్కెట్లు అవి. పైన బూడిదరంగు బూజు, కింద పచ్చరంగు బూజు, నడుమ ఏముందో తెలియదు. వాసన ముందు వరసకి చేరింది. రుమాళ్ళూ కొంగులూ ముక్కుల మీదికి వెళ్ళాయి. డబ్బా తెరిచాక పరీక్ష జరగాలని కార్యక్రమంలో అచ్చయి ఉంది గనక కోదండపాణి గారు ముందుకు వచ్చారు. వేలికున్న గుడ్డ తొడుగు తీసి, అధీకృత బొటనవేలిని ఒక బిస్కెట్టు మీద పెట్టి మామూలు బలంతో నొక్కారు. వేలు అవతలి వైపు నుంచి బయటికి వచ్చింది.

నేను రూలు ప్రకారం మైకులో చదివాను. "దిగింది. పూర్తిగా దిగింది."

"విభాగం చరిత్రలో ఇంతటి మెత్తదనం నమోదు కావడం ఇదే ప్రథమం," అని కమిషనర్ గారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. సంచాలకుల వారు ఆయనకి శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఆ తర్వాత లబ్ధిదారు ఒక బిస్కెట్టు ఆరగించే కార్యక్రమం. డబ్బాని పంతులమ్మ గారి ముందు పెట్టారు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని లోపలికి చూశారు. చాలాసేపు చూశారు. కాగితం ముక్కతో ఒకదాన్ని జాగ్రత్తగా పైకి తీసి సంచాలకుల వారి నోటి దగ్గర పెట్టారు.

"తమరు మా ఊరికి వచ్చిన అతిథులు. మీరు ఎంగిలిపడకుండా మేం తినడం మర్యాద కాదు."

"నాకు షుగరమ్మా," అన్నారు సంచాలకుల వారు.

ఆవిడ చెయ్యి కమిషనర్ గారి వైపు తిరిగింది.

"నాకు శనివారం ఒంటిపూటండి."

చెయ్యి కోదండపాణి గారి వైపు తిరిగింది. ఆయన బొటనవేలిని వెనక్కి దాచుకున్నారు. "నా విధి నొక్కడం వరకేనండి."

పంతులమ్మ గారు బిస్కెట్టుని మళ్ళీ డబ్బాలో పెట్టి మూత బిగించారు. సత్యవేణి గారి చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, మీ ఇంట్లో పొయ్యి ఉందా?"

"ఉందండి."

"బెల్లం?"

"ఉందండి."

"అయితే పద. నాలుగవుతోంది."

ఇద్దరూ వేదిక దిగారు. ముందు వరసలో ఉన్న ముప్పై ఒక్క మందీ లేచారు. చేతికర్రలున్నవాళ్ళు చేతికర్రలతో, లేనివాళ్ళు పక్కవాళ్ళ భుజాలు పట్టుకుని, రేవు వీధి వైపు నడక మొదలుపెట్టారు. వందన సమర్పణ ఖాళీ కుర్చీలకి జరిగింది.

అరగంటలో నా చేతికి ఉత్తర్వు వచ్చింది, వేదిక వెనకాల నిలబడి రాసింది. అనుమతి లేని చోట, ప్రమాణాలు పాటించకుండా మెత్తదనాన్ని ఉత్పత్తి చేస్తున్నందున సదరు సత్యవేణి ఇంట్లోని దబరను తక్షణం సీలు చేయవలెను. నా చేతిలో లక్క కడ్డీ, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర పెట్టారు. ఆ దబరకి ముద్ర పడితే పంతులమ్మ గారి నోటికి ఇక మిగిలేది ఎండు రొట్టె. అది నాకు తెలుసు. రేవు వీధి పొడవునా అదే తలుచుకుంటూ నడిచాను.

వాకిలి నిండా చాపలు, చాపల నిండా ముసలివాళ్ళు. మొదటి వాయి అప్పుడే దిగింది. రెండో వాయి పళ్ళెంలోకి సర్దుతోంది సత్యవేణి గారు. నా చేతిలో లక్క చూసి ఆగిపోయింది.

"పంతులమ్మ గారండీ," అన్నాను, "దబరకి సీలు వేయమన్నారు."

"వెయ్యరా. ఉద్యోగం కదా. ఎలా వేయాలో రూలు ఉందా?"

"ఉందండి." మాన్యువల్ జేబులోనే ఉంది.

"చదువు. పైకి చదువు, వెనకవాళ్ళకి వినబడాలి."

మూడో తరగతిలో లేచి నిలబడినట్టు నిలబడి చదివాను. "లక్క ముద్రలు ఆఫీసు వేళలయందు మాత్రమే వేయవలెను. పాత్ర పూర్తిగా చల్లారి పొడిగా ఉన్న పిమ్మట మాత్రమే వేయవలెను. వేడి పాత్రపై వేసిన ముద్ర చెల్లదు."

"చల్లారిందా?"

దబర మీద చెయ్యి పెట్టి చూశాను. చురుక్కుమంది. "లేదండి."

"అయితే కూర్చో. చల్లారేదాకా కూర్చోవాలిగా." ఆవిడ వంటింటి వైపు తిరిగారు. "అమ్మాయ్, ఇంకో వాయి వెయ్యి."

సత్యవేణి గారు ఒక్క క్షణం ఆవిడ వైపు చూసింది. తర్వాత నవ్వు ఆపుకుంటూ పొయ్యిలోకి రెండు పుల్లలు ఎగదోసి పళ్ళెం దబరలోకి దించింది.

సాసరు వచ్చింది. పంతులమ్మ గారు బిస్కెట్టుని రెండు వేళ్ళతో తుంచారు. చప్పుడు కాలేదు. ముక్కని నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. బుగ్గలు కదులుతున్నాయి, నెమ్మదిగా, తొందర లేకుండా. గుటక వేశాక రెండో ముక్క తుంచారు. నాకు ఏడుపొచ్చింది. చేతిలో ప్రభుత్వ లక్క పట్టుకుని, ముప్పై రెండు మంది ముందు ఏడ్చాను. ఎవరో నా సాసర్లో కూడా ఒకటి వేశారు.

ఆ రోజు ఐదు కొట్టేదాకా దబర చల్లారలేదు. ఐదు దాటాక సీలు వేయడానికి రూలు ఒప్పుకోదు. ఆదివారం పోనిచ్చి సోమవారం పదింటికి వెళ్ళేసరికి మొదటి వాయి దబరలో ఉంది. ఆశ్రమం వాళ్ళు వంతులు వేసుకున్నారు. పదింటికి పుల్లలు ఎగదోసేది ఒకరు, మధ్యాహ్నం నిప్పు చూసేది ఒకరు, గోడ గడియారం కింద కూర్చుని ఐదయ్యేదాకా కాపలా కాసేది ఒకరు. ఇన్ని వాయిలు ఎవరికని అడిగితే పంతులమ్మ గారు ఊరంతా ఉందిగా అన్నారు. జ్వరం పడి లేచినవాళ్ళకీ, పళ్ళు రాని పిల్లలకీ, పళ్ళు రాలిన పెద్దలకీ వెళుతున్నాయి. డబ్బాలో మిగలడం లేదు గనక గట్టిపడడానికి వాటికి తీరిక దొరకడం లేదు.

ఉత్తర్వు మాత్రం అమల్లోనే ఉంది. నేను రోజూ లక్కతో వెళుతున్నాను, దబర మీద చెయ్యి పెడుతున్నాను, ఐదు దాటాక రిపోర్టు పంపుతున్నాను. "పాత్ర వేడిగా ఉన్నందున సీలు వేయుట సాధ్యపడలేదు." ఒక ఉత్తర్వుని అమలు చేయలేకపోవడంలో ఇంత సంతోషం ఉంటుందని ఇరవై రెండేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. ప్యాంట్లు రెండుసార్లు వదులు చేయించుకున్నాను.

తొంభై మూడో రిపోర్టు చూసి కమిషనర్ గారు నన్ను పిలిచారు. రేపు స్వయంగా వచ్చి సీలు వేయిస్తానన్నారు. చెప్పినట్టే వచ్చారు, జీపులో, ముఖం గంటు పెట్టుకుని. వాకిట్లో ఎవరూ కదల్లేదు. ఆయన తిన్నగా వంటింట్లోకి వెళ్ళి దబర మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేసుకున్నారు. వేళ్ళు ఊదుకుంటూ కాసేపు అక్కడే నిలబడ్డారు. బెల్లం కాలుతున్న వాసన ఇల్లంతా ఉంది. టైము మూడున్నర.

"వేడిగానే ఉంది," అన్నారు చివరికి, తనలో తాను అనుకున్నట్టు.

పంతులమ్మ గారు చాప మీద కాస్త జరిగి చోటిచ్చారు. ఆయన బూట్లు విప్పుకుని కూర్చున్నారు. సాసరు చేతికిచ్చేదాకా ఆగి, గొంతు తగ్గించి, "అమ్మా, టీలో ముంచుకోవచ్చా?" అని అడిగారు.